మిగిలిన అయిదున్నర గంటలు

“పాత డిస్కే మళ్ళీ బిగించీ అన్నా,” అంటూ ఈశ్వర్ లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టాడు.

దేవేంద్ర కళ్ళజోడు సర్దుకున్నాడు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర పదిహేనేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. స్పీడు పెంచమని వచ్చినవాళ్ళే గాని, తగ్గించమని వచ్చినవాడు లేడు.

“మొన్న శుక్రవారమే గదా కొత్త ఎస్సెస్‌డీ డిస్కు ఏసేను. ఏటైనాది? ఆగిపోతన్నాదా?”

“నేదు. శుభ్రంగా పన్జేస్తన్నాది.”

సరుకు నకిలీదని ఎవడో నూరిపోసి ఉంటాడని దేవేంద్రకు తోచింది. వెంటనే అడుగు మూత ఊడదీసి చూపించాడు. చూయింగ్‌గమ్ రేకంత ముక్క, ఆవగింజంత మరతో కదలకుండా కూర్చుని ఉంది. మూత పెట్టి, మీట నొక్కి, గోడ గడియారం వైపు వేలు చూపాడు.

“లెక్కెట్టు. పదకొండు సెకన్లు. ముందు తెరుసుకోడానికే పావుగంట పట్టీది.”

తెర మీద సీతాకోకచిలుక బొమ్మ, దాని పక్కన ‘ఎనిమిదో తరగతి సైన్స్ ప్రాజెక్టు’ అన్న ఫోల్డరు కనిపించాయి.

“మీ పాపకి నచ్చనేదా?”

“మార్పించమని అడిగిందే అది. నిన్న ఆదివారం తెరిసి సూసి తెగ మురిసిపోనాది.”

“మరింకేటి నీ బాధ?”

ఈశ్వర్ వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

“ముందు పాప పదింటికి కూకుంటే అయిదింటికి తెమిలీది పని. మధ్యలో నాలుగుసార్లు బిగుసుకుపోయీది. నిన్న పదకొండున్నరకే అయిపోనాది.”

“అంటే అయిదున్నర గంటలు మిగిల్చేను నీకు. దండెయ్యాల్సింది పోయి దెబ్బలాటకొచ్చేవు.”

“పాపకిష్టమని వంజరం సేప పులుసెట్టేను. వండింది వండినట్టే ఉండిపోనాది.”

దేవేంద్ర నవ్వాడు. “ఎస్సెస్‌డీకీ పులుసుకీ లంకేటి తమ్ముడూ? పని బేగి తెమిల్తే తీరిగ్గా తినొచ్చు గదా.”

ఈశ్వర్ నవ్వలేదు. “నా పాత డిస్కు ఉన్నాదా, పారేసేవా?” అన్నాడు.

ఉంది. దేవేంద్ర సొరుగులోంచి తీశాడు గాని చేతికివ్వలేదు. ప్రతి బేరంలోనూ ఎవరికెంత లాభమో చూసే మనిషి అతను. ఇందులో ఈశ్వర్‌కి లాభం ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు.

“ఇది మా అయితే ఆర్నెల్లు బతుకుతాది. ముందే సెప్తన్నాను.”

“ఆర్నెల్లంటే ఇరవయ్యారు ఆదివారాలు,” అన్నాడు ఈశ్వర్ తడుముకోకుండా. “సాలు.”

దేవేంద్ర స్క్రూడ్రైవరు అందుకుని, మళ్ళీ ఆగాడు.

“బిగిస్తాను గాని, ఎందుకో సెప్పు.”

ఈశ్వర్ తెర మీది సీతాకోకచిలుకను చూస్తూ మెల్లగా అన్నాడు.

“పనైపోగానే పాప ఆళ్ళమ్మ కాడికి ఎల్లిపోతాది.”