స్క్రీన్ మీది గీతలు

నిఖత్‌కు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తాను కారు నడుపుతుండగా వెనక సీట్లో బిడ్డకు ఊపిరి అందకపోతే, తనకు తెలియదేమోనని.

ఏడు నెలల మహెక్‌కు తాగిన పాలు గొంతులోకి ఎగదన్నుతాయి. ఒకసారి పెదాలు నీలంగా మారాయి కూడా.

"కనిపెట్టుకుని ఉండమ్మా" అన్నాడు డాక్టరు.

ఇంట్లో వదిలి రావడానికి ఎవరూ లేరు. బేగంపేట ఆఫీసులకు మధ్యాహ్నం క్యారియర్లు అందించే పని మానడానికి వీల్లేదు.

అందుకే బ్రోకరు దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొనగానే వెనక సీటు మీదికి కెమెరా పెట్టించింది. పిల్ల సీటు వెనక్కి తిరిగి ఉన్నా, ముందున్న కంప్యూటర్ స్క్రీన్ మీద మొహం కనిపిస్తుంది.

కనిపిస్తే కదా!

ఇంజన్ షురూ కాగానే స్క్రీన్ నిండా గీతలు. వేగం పెంచితే ఆ గీతలకు పూనకం. వాటి మధ్య పిల్ల ముక్కెక్కడో, మూతెక్కడో.

ప్రతి సిగ్నల్ దగ్గరా వెనక్కి తిరిగి చూసి చూసి నిఖత్ మెడ పట్టేసింది.

కార్ఖానా ఏరియాలో మెకానిక్ దుర్గేష్ రెండుసార్లు కెమెరా మార్చాడు. ఈసారి చేతులెత్తేశాడు.

"స్క్రీనే ఖరాబైందక్కా. కొత్తది పట్టుకొస్త, పావుగంట కూసో."

"పావుగంట అంటే పావుగంటే ఉండాలె తమ్మీ. క్యారియర్లు సల్లారిపోతున్నయ్."

అతని బైకు మలుపు తిరిగిందో లేదో, ఒక ముసలాయన కారు దగ్గరికి వచ్చాడు. చేతిలో చిన్న ట్రాన్సిస్టర్.

నిఖత్ వెనక డోరుకు అడ్డంగా నిలబడింది. మొన్న చిలకలగూడలో కారు చుట్టూ తిరిగింది ఈయనే. నిన్న చెయ్యి ఊపుతూ కారు వెంట నాలుగడుగులు పరుగెత్తింది కూడా ఈయనే.

"స్క్రీన్‌ల గీతలొస్తున్నయా బిడ్డా?"

"నీకెట్ల తెల్సు?"

"సిగ్నల్ కాడ అద్దంలకెల్లి కనవడ్డయ్."

"మెకానిక్ వస్తున్నడు తాతా. నువ్వు పో."

"స్క్రీన్ మంచిగనే ఉంది. కొత్తదేసినా గిట్లనే వస్తయ్. జెర ఇంజన్ ఆన్ చెయ్యి, ఒక్క నిమిషం."

కొత్తదేసినా ఇంతేనా? ఆ మాట నిఖత్‌ను నిలవనివ్వలేదు. తాళం తిప్పింది.

ముసలాయన ఏ స్టేషనూ పలకని చోట ముల్లు పెట్టి, ట్రాన్సిస్టర్‌ను కారులో మెల్లగా జరుపుకుంటూ పోయాడు. ముందువైపు ఊరికే బుసకొట్టింది. వెనక సీటు దగ్గరికి వచ్చేసరికి గుర్రున మోగింది.

పక్కన చాయ్ బండి దగ్గర ఒకతను నవ్వాడు. "ఏంది తాతా, పాటలు పెడ్తవనుకుంటే గుర్రు పెట్టిస్తున్నవ్?"

"గుర్రు ఏడ గట్టిగుంటే దొంగ ఆడున్నట్టు. స్క్రీన్‌ల కనవడే గీతలు దీనికి ఇనవడ్తయ్" అన్నాడు ముసలాయన. తర్వాత నిఖత్ వైపు తిరిగాడు. "నువ్వు ముందట కూసొని ఎక్స్‌లేటర్ తొక్కు బిడ్డా. స్క్రీన్‌నే చూస్తుండు."

ఆమె తొక్కింది. గీతలు చెలరేగాయి. కొన్ని నిమిషాలు వెనక ఏదో గరగర.

గీతల మధ్య నిద్రపోతున్న మహెక్ మొహం.

ఆ పక్కనే ముడతల చెయ్యి.

ఆ చేతిలో చాకు.

అపార్ట్‌మెంట్ గ్రూపులో రోజూ వచ్చే పిల్లల దొంగల మెసేజీలన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. ఎలా దిగిందో, వెనక డోరు ఎలా లాగిందో ఆమెకే తెలియదు. రెండు చేతులతో ఆయన్ను తోసేసింది.

ట్రాన్సిస్టర్ రోడ్డు మీద పడి పగిలింది.

"పిల్లలను ఎత్తుకపోయేటోడివా? చాకెందుకు తీసినవ్?"

"పెయింట్ గీకుతున్న బిడ్డా... సీటు కింద..."

"నా బిడ్డ దగ్గరికెల్లి జరుగు!"

"ఒక్క బోల్టు. బిగించి పోత."

చాయ్ బండి దగ్గరి ఇద్దరు వచ్చి ఆయన రెక్కలు పట్టుకున్నారు. "నడువ్ తాతా, నడువ్. గీ వయసుల ఇజ్జత్ తీసుకోకు."

ఆయన గింజుకోలేదు. నాలుగడుగులు పోయాక మాత్రం వెనక్కి తిరిగాడు.

"తల్లివి. గట్లనే ఉండాలె" అన్నాడు.

కొత్త స్క్రీన్ డబ్బాతో వచ్చిన దుర్గేష్, జరిగిందంతా విని సీటు కిందికి వంగాడు.

ఒక బోల్టు చుట్టూ రంగు శుభ్రంగా గీకేసి ఉంది. రేకు తళతళలాడుతోంది. కెమెరా ఎర్త్ వైరు దానికి చుట్టి ఉంది. ఒక్క చుట్టు బిగించడమే మిగిలింది.

దుర్గేష్ స్పానర్ పెట్టి తిప్పాడు.

"స్టార్ట్ చెయ్యక్కా."

ఒక్క గీత లేదు. ఎంత తొక్కినా లేదు. మహెక్ కనురెప్పల వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి.

దుర్గేష్ డబ్బా విప్పలేదు.

"రంగు మీద బిగిస్తే ఎర్త్ పట్టదక్కా, గందుకే గీతలొచ్చినయ్. తప్పు నాదే." స్పానర్ తుడుచుకుంటూ అడిగాడు. "ఆయన చేతిల రేడియో ఉండెనా?"

"ఆఁ."

"సదాశివ సార్. రేడియోలు బాగు చేసేటోడు. నీకంటే ముందు ఈ కారు ఆయనదే. అప్పుడు సుత కెమెరా నేనే పెట్టిన. అమ్మేటప్పుడు తీసేసిండు. నువ్వు మళ్ల పెట్టమంటే గదే బోల్టుకు బిగించిన."

"ఆయనకెందుకు కెమెరా? ఇంట్ల పిల్లలున్నరా?"

దుర్గేష్ చెప్పాడు. చెప్పినంతసేపూ తల ఎత్తలేదు.

ఆ రోజు బేగంపేటకు క్యారియర్లు అందలేదు. నిఖత్ నేరుగా చిలకలగూడ పోయింది. సదాశివ ఇంటికి తాళం. మర్నాడూ తాళమే. ఇవాళ్టికి నాలుగో రోజు. ఎక్కడికి పోయాడో పక్కింటివాళ్లకూ తెలియదు.

మీరెవరైనా ఆ వైపు పోతే, జబ్బుపడ్డ భార్యను ఇదే కారు వెనక సీట్లో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోతూ, ఇదే స్క్రీన్ మీది గీతల వెనక ఆమె ఊపిరి ఆగిపోయిందని తెలియక, "వచ్చేసినం, ఇంకో జెర ఓర్సుకో" అంటూ మూడు సిగ్నళ్లు దాటిన ఆ పెద్దాయన ఎలా ఉన్నాడో, ఒక్కసారి తలుపు తట్టి చూసి రండి.