మొగ్గలు తెంపే మనిషి

గడ్డిలో వంగి ఉన్న మనిషిని సడకిచి చెయ్యి పట్టుకుని లేపాడు.

ఆమె బుట్ట నిండా హనషినోబు మొగ్గలు. నీలం రంగు అప్పుడప్పుడే తొంగిచూస్తోంది.

"నేల చచ్చిపోయి పూయడం లేదనుకుని నేను ఏడుస్తున్నానే! తెంపుతున్నది నువ్వా?"

నుయి బుట్టను వెనక్కి దాచుకుంది. ఊళ్లోకి వచ్చి ఏళ్లు గడిచినా ఆమె అందరికీ 'కొత్తామె'. వసంతంలో ఎండుగడ్డి కాల్చే రోజున మాత్రం పిలవకుండానే వచ్చి, మగవాళ్ల పక్కన నిలబడి హద్దు దాటే మంటల్ని కొట్టి ఆర్పేది.

"ఎందుకమ్మా ఈ పని?"

"కనబడకూడదని."

"ఎవరికి?"

ఆమె కింద దారివైపు చూసింది.

ఒకప్పుడు అసో కొండల్లో ఏ వాలు చూసినా ఆ పువ్వే. ఆవులు పోయాయి. గడ్డి కాల్చే చేతులు ముసలివయ్యాయి. కాల్చని చోటల్లా పొదలు లేచాయి. చివరికి ఈ ఒక్క వాలు మిగిలింది. దాన్నీ సోలార్ కంపెనీకి అద్దెకిచ్చేద్దామంటున్నారు ఊళ్లోవాళ్లు.

పువ్వు కోసం జనం వస్తే సరే, లేకపోతే ఇచ్చేయడమేనని, వాలు బాగోగులు చూసే సడకిచికి ఈ వేసవి వరకే గడువిచ్చారు.

సాయంత్రం ఊరు కూడింది.

"కంపెనీవాడు ఎంత ముట్టజెప్పాడో అడగండి," అన్నాడు గోహెయి, సారా వంపుకుంటూ.

"పువ్వు మీద కుళ్లేమిటే తల్లీ, నీకన్నా అందంగా ఉందనా?" అంది వెనకనుంచి ఒకామె. అంతా నవ్వారు.

సడకిచి నవ్వలేదు. "వెలి," అన్నాడు.

ఊరు సరేనంది. నిప్పంటుకుంటేనో, చావొస్తేనో తప్ప ఆమె గడప ఎవరూ తొక్కకూడదు. ఆమె ఆ వాలు తొక్కకూడదు.

నుయి అందరికీ వంగి దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

నెల తిరక్కుండానే వాలంతా నీలమైంది. పేపర్లో ఫొటో పడింది. బస్సులొచ్చాయి.

"గెలిచావన్నా! కంపెనీవాణ్ణి ఇంకో కొండ చూసుకోమందాం," అని గోహెయి వీపు చరిచాడు.

వారం తర్వాత, పొద్దున్నే మంచులో సడకిచి కాలు గుంటలో పడింది.

పక్కన ఇంకో గుంట. ఆ పైన ఇంకోటి. వాలు పొడవునా పారతో కోసినట్టు గుంటలే, పూల మొక్కలు వేళ్లతో సహా మాయం.

వాటి మధ్య నుయి మోకాళ్ల మీద కూర్చుని మట్టి పూడుస్తోంది.

"నువ్వే తవ్వించావు కదూ? ఇప్పుడు చల్లబడిందా కడుపు?"

"రాత్రి వ్యాన్లో మొక్కల దొంగలు వచ్చారు. అరిచాను. గొంతు పోయేదాకా అరిచాను."

సడకిచికి ఆ అరుపు వినబడింది. "కొత్తామెలా ఉందే," అని భార్య లేచి కూర్చుంది కూడా. "నిప్పు కాదుగా, పడుకో," అన్నాడు తను.

"పువ్వు లేకపోతే వాళ్లకి అది ఉత్త గడ్డి. అందుకే దారికి కనబడేవన్నీ తెంపేదాన్ని. పొడుగు గడ్డి చాటువి విత్తనానికి వదిలేదాన్ని."

"ఆ మాట ఆ రోజే చెప్పి ఏడవొచ్చుగా!"

"నీకెలా తెలుసంటారుగా."

"ఎలా తెలుసు?"

నుయి చేతిలో మట్టిని గుంటలోకి వదిలింది.

"తూర్పు కొండ మీద ఒక్క మొక్క మిగలకుండా తవ్వి అమ్ముకున్నది మేమే, నేనూ మా ఆయనా."