వరద సరుకులకు గది

వరదొస్తే కావాల్సిన సరుకులు ఎక్కడ పెట్టాలన్న మాటకే ఊరు రెండుగా చీలింది.

వాటిని భద్రపరిచే పని మీద కోయిలకుంట్ల నుంచి వచ్చింది కొత్త అధికారి సాహితి. ఇంట్లో తొలి డిగ్రీ, తొలి ఉద్యోగం ఆమెదే. పోయినేడు బియ్యం, టార్పాలిన్లు, మందులు అన్నీ ఊరి నడుమ పారే వంకకు పడమట ఉండిపోయాయి. వంక పొంగింది. తూర్పు వీధి జనం తడిగుడ్డలతో, ఖాళీ కడుపులతో కూర్చున్నారు. ఈసారి అలా జరగకూడదు.

"మా పడమటి వీధిలోనే పెట్టల్ల," అన్నాడు బొజ్జన్న.

పక్కనే ఉన్న సుబ్బయ్య లేచాడు. "వద్దప్పా. వంక పారితే ఈ పక్క రోడ్డన్నా ఉండాది. వాళ్లకేముండాది? తూర్పు వీధిలో గురమ్మ మిద్దె ఉండాది. ఆడ పెట్టండి."

"ఏందన్నా, మా వీధి కూడు తింటా ఆ వీధి పాట పాడతాండావే!" అన్నాడు బొజ్జన్న.

జనం గొల్లుమన్నారు. సుబ్బయ్య చలించలేదు.

"ఎంత నీళ్లొచ్చినా ఆడ మూడో మెట్టు దాటవు. పైగదిలో గాలి శానా బాగా ఆడతాది, బియ్యం పురుగు పట్టదు. కిటికీ రెక్క ఒగటి సరిగ్గా పడదు, నేను బాగుజేసిస్తా."

సాహితి పోయి చూసింది. అక్షరాలా నిజం. పాత బురద చార మూడో మెట్టు కిందే ఆగింది. కిటికీ రెక్క కూడా సరిగ్గా పడలేదు.

గురమ్మ చెంగు నడుముకు దోపుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"గది ఇస్తాలేమ్మా. కాపలా మాత్రం నాతో కాదు. సలహా ఇచ్చిన ఆ మనిషే దినామూ వచ్చి చూసుకోవల్ల."

"వస్తారా, పెద్దాయనా?" వెంట వచ్చి వీధిలోనే ఆగిన సుబ్బయ్యను అడిగింది సాహితి.

సుబ్బయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఊరి కోసం తప్పుతాదా తల్లీ!"

"టీ పొద్దుకే రమ్మను," గురమ్మ మొహం తిప్పుకుంది. "రెండుసార్లు కాయలేను."

సరుకులన్నీ పైగదికి చేరాయి. సాహితి జీపెక్కుతూ బొజ్జన్నను ఊరడించింది.

"మీ వీధికి రాలేదని బాధపడకండి. సొంత వీధిని కాదని పక్క వీధి మేలు కోరే పెద్ద మనసు ఎంతమందికి ఉంటుంది చెప్పండి?"

బొజ్జన్న పకపకా నవ్వాడు.

"ఆ మిద్దె మా అన్నదే మేడం, ఉగాదినాడు వదినతో కొట్లాడి 'వరదొస్తే తప్ప ఈ గడప తొక్కను' అని ఒట్టేసి మా ఇంటికొచ్చి పడినాడు!"