మెట్ల కింది అర

"గోడలోంచి నడుస్తావేం? తలుపు అటుంది కదా!"

డెరిక్ ఉలిక్కిపడి కిందికి చూశాడు. కాలి కింద తెల్ల టేపు. రిహార్సళ్లు జరిగే ఆ పాత చర్చి హాల్లో సెట్టు ఉండదు. నేల మీద టేపు అతికించి, ఇది వంటిల్లు, ఇవి మెట్లు అనుకోవడమే. నటులంతా భోజనానికి పబ్బుకు పోయారు. కారుతున్న కప్పు కింద బకెట్ ఒక్కటే టప్‌టప్‌మంటోంది.

మాట్లాడింది పాతికేళ్ల పిల్ల. పూల ఏప్రన్, తలకు రుమాలు, మోచేతుల దాకా పిండి.

అమ్మ వేషానికి కొత్త నటిని పంపుతున్నానని నిర్మాత పొద్దునే ఫోన్ చేశాడు. "నీ కామెడీకి మూడు వారాలుగా ఒక్కడూ నవ్వలేదు డెరిక్. ఈవిడా నవ్వించలేకపోతే సీరియల్ ఆపేస్తాం." టీవీకి నవ్వులు రాసి బతికేవాడు, పొద్దుట్నుంచీ ఆమె కోసమే ఎదురుచూస్తున్నాడు.

"వేషం కట్టుకునే వచ్చారే!" అన్నాడు సంబరంగా.

ఆమె గీత తొక్కకుండా, లేని తలుపు తీసుకుని లోపలికొచ్చింది. "పొయ్యి ఇక్కడ కాదు, కిటికీ పక్కన."

డెరిక్ నాలుక కరుచుకున్నాడు. అది తన చిన్ననాటి ఇల్లు. స్క్రిప్టులో సరిగ్గానే రాసి, గీయడంలో తప్పాడు. బాగా చదివే వచ్చిందనుకున్నాడు.

"మెట్ల కింద అరేదీ?"

"అది రాయలేదు."

"ఏం?"

"అక్కడ నవ్వు లేదు."

అర గురించి ఆమెకెలా తెలుసు? ఆ కాలపు ఇళ్లన్నిటికీ ఉండేదిలే అని సర్దిచెప్పుకున్నాడు. ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పేశాడు. యుద్ధంలో బాంబులు పడుతుంటే అమ్మ ఐదేళ్ల తనను ఆ అరలో దాచింది. ఇల్లు కూలింది. తను మిగిలాడు, అమ్మ మిగల్లేదు.

"మూసేముందు అడిగాను, 'లోపలికొచ్చే ముందు తలుపు తట్టాలని బాంబులేసేవాళ్లకి తెలీదా అమ్మా?' అని. అమ్మ పడీపడీ నవ్వింది."

ఆ పిల్ల కూడా పడీపడీ నవ్వింది. మూడు వారాల్లో మొదటి నవ్వు. డెరిక్‌కు ప్రాణం లేచొచ్చింది.

"మరి గియ్యి ఆ అర," అంది, చిన్నపిల్లాణ్ణి గదమాయించినట్టు.

అప్పుడే వేషంలోకి దిగిపోయిందని ముచ్చటపడుతూ టేపుతో చిన్న చతురస్రం అతికించాడు.

"ముడుచుకుని కూర్చో నాన్నా. ఎంత చప్పుడైనా బయటికి రాకు."

నవ్వుతూ కూర్చున్నాడు. ఆమె ఉత్త గాలిలో తలుపు మూసింది. గడియ పడ్డ చప్పుడు మాత్రం నిజంగా వినిపించింది.

మరుక్షణం కప్పు పెళపెళా కూలింది.

దుమ్ము అణిగాక చూస్తే, విరిగిన దూలాలు నాలుగు వైపులా టేపు అంచు దాకా వచ్చి ఆగి ఉన్నాయి. లోపల చిటికెడు మట్టి లేదు.

"అమ్మాయ్!" డెరిక్ ఏడుస్తూ చేతులతో పెళ్లలు లాగసాగాడు. ఆమె జాడ లేదు.

ఇంతలో ఎవరో తలుపు తట్టారు.

"ఏంటా చప్పుడు? లోపలెవరైనా ఉన్నారా?" ఆడగొంతు.

"త్వరగా రండి, ఒకమ్మాయి కింద ఉండిపోయింది! ఎవరు మీరు?"

"అమ్మ వేషానికి నిర్మాత పంపిన నటిని."