కోడలి గడియారం

పాత ఉప్పాడ ఇప్పుడు పన్నెండు బారల నీటి కింద ఉంది. ఆదివారం వస్తే ఊరంతా పడవలెక్కి వెళ్లి, నీళ్లలోకి దిగి ఎవరి ఇల్లు వాళ్లు చూసుకుని వస్తుంది. వీపుకి గాలి సీసా, మణికట్టుకి డైవ్ కంప్యూటర్. ఎంత లోతుకి ఎంతసేపు దిగామో, ఒంట్లో ఎంత గాలి ఇంకిందో అదే చెబుతుంది. మేం దాన్ని గడియారం అనే అంటాం.

మా అబ్బాయి పోలరాజు పొద్దుటే రెండుసార్లు దిగొచ్చాడు. చుట్టపుచూపుగా వచ్చిన వాళ్లక్కని తీసుకుని మూడోసారి దిగబోతే, వాడి గడియారం ఎర్రగా వెలిగి, రేపటిదాకా దిగొద్దంది. వాడు దాన్ని విప్పి పడవలో పడేసి, ఇంకా నీళ్లలో కాలు పెట్టని పెళ్లాం గడియారం అడిగాడు. ఆ పిచ్చిది విప్పి ఇవ్వబోయింది.

"ఏంట్రా ఆ పని?" అని అరిచాను.

"అక్క రేపే వెళ్లిపోద్దమ్మా. ఇల్లు చూపించొద్దా? దీనిది పచ్చగానే ఉంది కదా!"

"అది దాని ఒంటికి పచ్చ, నీకు కాదు. గడియారం మారిస్తే నీ నెత్తురులో గాలి మారుద్దా? మీ నాన్నా ఇలాగే మీ మావయ్యది కట్టుకుని దిగాడు. నవ్వుతా పైకొచ్చాడు. పొద్దుగూకేసరికి పోయాడు."

"మొదలెట్టావా? పక్క పడవలోళ్లు చూస్తున్నారు."

"చూడనీ!"

కోడలి చేతిలోంచి గడియారం లాక్కుని సముద్రంలోకి విసిరేశాను. కోడలు ఏడుపందుకుంది. పోలరాజు పడవ అంచు మీద గుద్దాడు.

"నీతో ఇంక జన్మలో మాటాడను."

"మాటాడకు. ఇలా నా పక్కన కూర్చుని, ముసలాడివయ్యేదాకా మాటాడకు," అన్నాను.