కొత్త కోడలి ఫిర్నీ

పాలు అడుగంటుతున్నాయని గుర్నూర్‌కి ముందు ముక్కే చెప్పింది.

జారిన చున్నీ సర్దుకుందామని కాస్త గరిటె ఆపింది, అంతే. ఆ కాస్తలోనే బియ్యపు రవ్వ గిన్నె అడుగున పట్టేసింది.

ఆ ఇంట్లో కొత్త కోడలు మొదటిసారి పొయ్యి ముట్టించే రోజు అది. ఆమె చేత్తో చేసిన తీపి నలుగురూ తిని బాగుందన్నాకే ఆమె ఆ ఇంటి మనిషి. జేఠ్ నెల ఎండలు మాడ్చేస్తున్నాయి కాబట్టి చల్లగా తినే బియ్యపు రవ్వ పాయసం, ఫిర్నీ చెయ్యమన్నారు.

చిక్కంతా అక్కడే వచ్చింది.

ఫిర్నీ అంటే ఆ ఇంట్లో పర్నీత్‌దే. గుర్నూర్ భర్త హర్కీరత్‌కి మొదటి భార్య ఆమె. జ్వరంతో పోయి రెండేళ్ళయింది. ఆమె చేతి ఫిర్నీ మాత్రం అందరి నోళ్ళలో ఇంకా తియ్యగానే ఉంది.

"మా పర్నీత్ చేసిందంటే మట్టి మూకుడు కూడా నాకేసేవాళ్ళం" అని హర్కీరత్ మేనత్త పొద్దుటి నుంచీ అంటూనే ఉంది. ఆ బువాజీకి గొంతు తగ్గించి మాట్లాడే అలవాటు లేదు.

గుర్నూర్ కంగారుగా గిన్నె అడుగు గీకబోయింది.

"గీకకు."

వంటింటి మూల మట్టి మూకుళ్ళు నీళ్ళలో నానేస్తున్న ముసలావిడ లేచి వచ్చింది. తెల్ల చున్నీ, వెలిసిపోయిన సల్వారు. పొద్దున్నే వచ్చి, ఎవరూ చెప్పకుండానే పని అందుకుంది. పనికి పిలిపించిన మనిషి కాబోలనుకుంది గుర్నూర్. పేరైనా అడగలేదు.

"గీకితే మాడంతా పైకి లేస్తుంది పుత్తర్. పైది నెమ్మదిగా వంచెయ్. అడుగుది అడుగునే ఉండనీ."

ఇద్దరూ చెరోపక్కా పట్టుకుని వేరే గిన్నెలోకి వంచారు. ముసలావిడ ఏలకులు దంచి వేసింది, మొగలిరేకుల నీళ్ళు చిలకరించింది.

"మాసీ, వాసన తెలుస్తుందా?"

"తెలుస్తుంది."

ఆవిడ అబద్ధం చెప్పి ఊరడించే రకం కాదు.

గుర్నూర్‌కి ఏడుపొచ్చింది. "అయిపోయింది. ఇక నేను బతికినన్నాళ్ళూ, ఆవిడ అలా చేసేది, ఇది ఇలా చేసింది అంటారు. పోయినావిడతో నేనేం పోటీ పడగలను?"

ముసలావిడ చేతిలోని ఏలకుల తొక్కలు పొయ్యిలో పడేసింది.

"ఆ పర్నీత్ గొప్పలు నా దగ్గర చెప్పకు. అది మొదటిసారి చేసిన ఫిర్నీ నువ్వు చూడాల్సింది. రుబ్బిన బియ్యం చల్లటి పాలలో కలుపుకోవాలా, నేరుగా మరిగే పాలలో కుమ్మరించింది. గిన్నె నిండా ఉండలే. అందరూ ఫిర్నీని నమిలి తిన్నారు."

"నిజంగానా?"

"నా పళ్ళతో నేనే నమిలాను. పైగా దానికి కోపం కూడా. తప్పంతా పాలదేనంది."

గుర్నూర్ పక్కున నవ్వేసింది. ముసలావిడా నవ్వింది. నవ్వి నవ్వి, చున్నీ కొసతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ మూకుళ్ళ దగ్గరికి వెళ్ళింది.

సాయంత్రానికి ఫిర్నీ మూకుళ్ళలో గట్టిపడి చల్లబడింది. వరండాలో మంచాల మీద అందరూ తలా ఒకటి అందుకున్నారు. గుర్నూర్ తల వంచుకుని నిలబడింది.

బువాజీ ఒక చెంచా నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఇదేమిటి, పొగ వాసన?"

అందరూ కొత్త కోడలి వైపు చూశారు.

"అది నా నిర్వాకం" అంది ముసలావిడ వంటింటి గుమ్మంలోంచి. "పిల్ల చక్కగా కలుపుతుంటే ఊరుకోలేక గరిటె లాక్కున్నాను. మాటల్లో పడి మాడ్చేశాను."

బువాజీ ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. "నీకెందుకమ్మా ఆ గరిటె? ఇవాళైనా ఈ వంటింటికి దూరంగా ఉండలేకపోయావా?"

"బుద్ధి లేదు, ఏం చెయ్యను."

మాడ్చింది నేనేనన్న మాట గుర్నూర్ గొంతు దాకా వచ్చింది. అంతలో అత్తగారు లేచి వచ్చి, కోడలి నుదుట ముద్దుపెట్టి, తన చేతి గాజులు తీసి తొడిగింది. అందరూ దీవించారు. ఆ మాట గొంతులోనే ఉండిపోయింది.

గుర్నూర్ ఒక మూకుడు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ముసలావిడ సంచీ సర్దుకుంటోంది.

"నువ్వూ తిను మాసీ."

"నాకొద్దు పుత్తర్."

"పోనీ లస్సీ తెస్తాను."

"మంచినీళ్ళు కూడా వద్దు. బస్సు వచ్చేస్తుంది." ఆవిడ గుర్నూర్ తల మీద చెయ్యి పెట్టి, అలాగే కాసేపు ఉంచి, వెళ్ళిపోయింది.

గుర్నూర్‌కి ఇక మనసు నిలవలేదు. చుట్టాల సందడి సర్దుమణిగాక అత్తగారి దగ్గరికి వెళ్ళింది.

"బీజీ, ఫిర్నీ మాడ్చింది నేను. మాసీ కాదు."

"నాకు తెలుసు."

"ఆవిణ్ణి పిలిపించండి. బువాజీ ఎదుటే ఒప్పుకుంటాను. నేను నోరు మెదపలేదని కోపమొచ్చినట్టుంది. అంత ఎండలో గుక్కెడు నీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది."

అత్తగారు కోడలిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"కోపం కాదమ్మా. ఆవిడ ఈ ఇంట్లో ఎన్నడూ నీళ్ళు ముట్టలేదు. కూతుర్నిచ్చిన ఇంట్లో మనవాళ్ళలో ఏ తల్లి ముడుతుంది? తను వెళ్ళేదాకా నీకు చెప్పొద్దంది, బెదిరిపోతావని."

ఏ కూతురు అని అడగబోయి గుర్నూర్ ఆగిపోయింది.

తన తల్లికంటే ముందు ఆ ఇంటికి కూతుర్నిచ్చిన తల్లి ఒక్కతే ఉంది, పర్నీత్ తల్లి.