ఎర్రగుట్ట మీది చెంగలి

గడ్డి తనిఖీ యంత్రం గుట్ట మీద చెంగలి దుబ్బు దగ్గర ఆగింది. జాబితా ప్రకారం ఆ నేలకు చెందని గడ్డిని పీకేయడమే దాని పని.

"చెంగలి నల్లరేగడిలో పెరుగుతుంది. ఇది ఎర్రనేల. కనుక ఇది చెంగలి కాదు," అంది యంత్రం.

గొర్రెలు కాసే మాళమ్మ ఒక పరక తుంచి నమిలి చూపించింది. "తియ్యగుంటాది సామీ, చెంగలే ఇది. కింద రేగడంతా సోలార్ పలకలేసినారు కదా. గొర్రె పెంటికల్లో ఇత్తనాలొచ్చి ఈడ మొలిసినాయి."

"జాబితాలో రుచి లేదు," అంటూ యంత్రం దుబ్బును వేళ్ళతో సహా పెకలించింది. గొర్రెలు చూస్తూ నిలబడ్డాయి. తరవాత అది ఆమె వైపు తిరిగింది.

"మీరు ఏ నేలలో పుట్టారు?"

కింది రేగడిలో పుట్టిన మాళమ్మ నోట్లో పరకను గబుక్కున మింగేసింది.